తూటా ఇవ్వని మామయ్య

మా ఆర్విడ్ మామయ్య జీవితంలో ఒక్క తూటా కూడా కొట్లో కొనలేదు. తన రైఫిల్‌కి కావలసినవన్నీ తనే తయారు చేసుకునేవాడు. ఎందుకని అడిగితే కారణం చెప్పేవాడు. ఆ కారణం మాత్రం అడిగిన మనిషిని బట్టి, ఆ పూట ఆయన తిన్న తిండిని బట్టి మారిపోయేది.

ఆయన మా ఆవిడ లెనోర్‌కి సొంత బాబాయి. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి ముందు రోడ్డు దాటితే ఆయన ఇల్లు. ఆ ఇంట్లో వంటగది కన్నా గరాజు పెద్దది, గరాజులో కారుకి చోటు లేదు. కారు ఉండాల్సిన చోట గోడ పొడుగునా బల్ల, దాని మీద త్రాసు, మందు డబ్బాలు, ఇనుప చేతి మిషను, ఖాళీ గొట్టాలు నింపిన కాఫీ డబ్బాలు. మంచుకాలమంతా కారు బయట గడ్డకట్టుకుని ఉండేది. తుపాకి మందు మాత్రం వెచ్చగా ఉండేది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. తూటా కాల్చాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని కడిగి, మెరుగుపెట్టి, మూతి సరిచేసి, అడుగున కొత్త నిప్పుబిళ్ళ బిగించి, కొలిచి మందు పోసి, పైన గుండు కూర్చితే మళ్ళీ తూటా. అమెరికాలో మా మోంటానా రాష్ట్రంలో ప్రతి ఊళ్ళోనూ ఈ పని తెలిసినవాళ్ళు నలుగురుంటారు. వాళ్ళు దీన్ని పనిలా చేస్తారు. మామయ్య పూజలా చేసేవాడు.

"ఎందుకండీ ఈ శ్రమంతా?" అని పాస్టరు గారు అడిగితే, "పొదుపండీ. దేవుడిచ్చింది దుబారా చెయ్యకూడదు కదా" అన్నాడు. వేట శాఖ ఉద్యోగి అడిగితే గురి కోసం అన్నాడు. లెనోర్ అడిగితే వేళ్ళ నొప్పులకి డాక్టరు చెప్పిన వ్యాయామం అన్నాడు.

"ఏ డాక్టరు బాబాయ్?"

"పశువుల డాక్టరు. వేళ్ళు ఎవరివైతేనేం తల్లీ, వేళ్ళే కదా."

నాకు ఒకసారి చెప్పిన కారణం వేరు. "మన ఊరి గాలి సంగతి కంపెనీవాడికేం తెలుసు అల్లుడూ? వాడెక్కడో చెట్టు ఆకు కదలని ఊళ్ళో కూచుని నింపుతాడు. ఆ తూటా ఇక్కడికొచ్చి బిత్తరపోతుంది."

మరోసారి కారణం సోమవారం. ఫ్యాక్టరీలో సోమవారం నింపిన తూటాలకి ఆదివారం తాగిన బీరు వాసన ఉంటుందట. డబ్బా మీద వారం పేరు వేస్తే తనకేమీ అభ్యంతరం లేదట.

పొదుపు మాటకి మాత్రం లెనోర్ ఒప్పుకునేది కాదు. "బాబాయ్, నువ్వు నాలుగోవంతు ఖర్చుతో చేసుకుంటావు సరే. కానీ నాలుగింతలు కాలుస్తావుగా?"

"అదే కదా నేను చెప్పేది! ఎంత ఎక్కువ కాలిస్తే అంత ఆదా."

ఖాళీ గొట్టాల కోసం ఆయన పడే పాట్లు ఊరంతటికీ వినోదం. ఆదివారం చర్చి అయ్యాక మేమంతా ఊరి బయట గురి మైదానానికి వెళ్ళేవాళ్ళం. మేం కాలుస్తుంటే మామయ్య మా వెనక మోకాళ్ళ మీద పాకుతుండేవాడు. గొట్టం ఇంకా గాల్లో ఉండగానే టోపీ పట్టేవాడు. ఒకసారి నా రైఫిల్లోంచి ఎగిరిన గొట్టం టోపీలో కాక ఆయన చొక్కా కాలర్లో పడింది. అప్పుడే కాల్చిన ఇత్తడి ఎంత వేడిగా ఉంటుందో పడినవాళ్ళకే తెలుసు. మామయ్య మైదానం ఆ చివరిదాకా ఎగురుకుంటూ వెళ్ళి వచ్చాడు.

"విప్పి పారెయ్యకపోయావా చొక్కా?" అన్నాను.

"గడ్డిలో పడితే మళ్ళీ దొరుకుతుందా?" అన్నాడు, ఒంటి మీది గొట్టం తీసి మూతి నలగలేదు కదా అని చూసుకుంటూ.

అంతకన్నా ఘనమైనది మాజీ సైనికుడు మిల్టన్ అంత్యక్రియల్లో జరిగింది. శ్మశానంలో అతని పాత నేస్తాలు గాల్లోకి తుపాకులు పేల్చి వందనం చేశారు. పాస్టరు గారు "కళ్ళు మూసుకుందాం" అన్నారు. అందరం మూసుకున్నాం. మామయ్య మూసుకోలేదు, గొట్టాలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడాలి కదా. ప్రార్థన ముగిసి మేం కళ్ళు తెరిచేసరికి ఆయన పొడుగాటి గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి, తల వంచి, రెండు చేతులతో నేలని తడుముతున్నాడు. మిల్టన్ భార్య చూసి కరిగిపోయింది. "మా ఆయన కోసం ఇంతగా కుమిలిపోయిన మనిషిని నేను చూడలేదు" అని ఊరంతా చెప్పుకుంది. వారంపాటు ఆయనకి రోజూ కూర వండి పంపింది. మామయ్య సిగ్గుపడలేదు. గిన్నెలు మాత్రం తోమి ఇచ్చాడు.

ఇంత చేసి కూడబెట్టిన తూటాల్లో ఒక్కటి, కనీసం ఒక్కటి, ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఈ పని చేసేవాళ్ళందరిదీ అదే నియమం. ఒకరు నింపింది ఇంకొకరు కాల్చకూడదు, తను నింపింది ఇంకొకరికి ఇవ్వకూడదు. మందు కాస్త అటూ ఇటూ అయితే తుపాకి మొహం మీదే పగులుతుంది. అందరూ ఆ నియమం పాటిస్తారు. మామయ్య దాన్ని పళ్ళు తోముకునే బ్రష్షుతో పోల్చి, విన్నవాడికి కడుపులో తిప్పేదాకా వివరించేవాడు.

ఒక ఏడాది మేమిద్దరం జింకల వేటకి వెళ్ళాం. నేను తూటాల డబ్బా ఇంట్లో మర్చిపోయాను. ఇద్దరి రైఫిళ్ళూ ఒకటే రకం. పొద్దంతా బతిమాలాను.

"ఒక్కటి మామయ్యా. ఒకే ఒక్కటి."

"రక్తం కావాలంటే ఇస్తాను అల్లుడూ. కిడ్నీ ఇస్తాను. తూటా అడక్కు."

"జింక ఎదురుగా నించుని నన్ను చూసి నవ్వుతోంది!"

"నవ్వనీ."

సాయంత్రం ఆయన ఒక జింకని కొట్టాడు. దాన్ని తీసుకెళ్ళి నా బండిలో వేశాడు. "నువ్వు తీసుకుపో. లెనోర్‌కి నేనే కొట్టానని చెప్పు." జింకనైతే ఇచ్చాడు, తూటా మాత్రం ఇవ్వలేదు.

అందుకే ఆ అక్టోబరు శనివారం, వేట మొదలైన రోజు పొద్దున, ఆయన చెప్పిన మాట నాకు వెంటనే బుర్రకెక్కలేదు.

నేను ఊళ్ళకి గ్యాస్ సరఫరా చేసే ట్యాంకరు నడుపుతాను. ఆ రోజు అత్యవసరం డ్యూటీ నాది కావడంతో వేటకి వెళ్ళలేదు. పాన్‌కేకులు తింటున్నాను. తలుపు కొట్టకుండా మామయ్య లోపలికొచ్చాడు. మొహం తెల్లబారిపోయింది. ఒక చేతిలో మధ్యాహ్నం తిండి తీసుకెళ్ళే రేకు పెట్టె.

"బండి తియ్యి."

"ఏమైంది?"

"డబ్బాలో మందు తక్కువుంది. ఒక తూటాకి పట్టేంత. తూచాను. మళ్ళీ తూచాను. నేలంతా ఊడ్చాను. లేదు."

"పోతే పోయింది మామయ్యా. ఒక చిటికెడు మందు కోసం…"

"పోలేదురా! ఎవరి తూటాలోనో ఉంది. ఒకదాంట్లో రెండుసార్లు పోశాను. మంగళవారం సగంలో ఉండగా మా అక్క ఫోను చేసింది. మాట్లాడొచ్చి ఎక్కడ ఆపానో అక్కడే మొదలుపెట్టాననుకున్నా."

"ఎవరి తూటాలోనో ఏమిటి? నువ్వెవరికీ ఇవ్వవుగా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "థెల్మా దగ్గరుంది."

లెనోర్ చేతిలో పెనం అలాగే ఆగిపోయింది.

థెల్మా హోవ్లాండ్ ఊరికి ఉత్తరాన పశువుల దొడ్డి చూసుకుంటూ ఒంటరిగా ఉండే విధవరాలు. పడుచు వయసులో జిల్లాలో ఆవిడంత గురి ఎవరికీ లేదు. ప్రతి ఏడూ గురి పోటీలో టర్కీకోడి గెలుచుకుని, గెలవలేని మగాళ్ళని పిలిచి వండి పెట్టేది. తర్వాత గుర్రం పడేసి కుడి భుజం విరిగింది. లోపల ఇనుప ముక్క పెట్టి కట్టారు. పేల్చినప్పుడు ఆవిడ రైఫిలు భుజాన్ని వెనక్కి తన్నితే గాడిద తన్నినట్టుంటుంది. ఇక ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అయినా ఏటా ఒక జింకని కొడుతూనే ఉంది. "ఈ మధ్య కంపెనీలు తూటాలు బాగా చేస్తున్నాయి, తన్నుడే లేదు" అని ఆవిడే చెబితే విన్నాను.

లెనోర్ ఫోను చేసింది. థెల్మా ఇంట్లో మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"కొండ మీదికి వెళ్ళిపోయింది" అన్నాడు మామయ్య. "నీ బండి తియ్యి. నా కారు ఎప్పటిలాగే చచ్చి కూచుంది."

నా సొంత బండి లెనోర్ తమ్ముడు వేటకి పట్టుకుపోయాడు. మిగిలింది ట్యాంకరు. దాని వెనక 'నెమ్మదిగా వెళ్ళుదును' అని ఎర్ర అక్షరాలతో రాసుంటుంది. ఆ రోజు ఆ అక్షరాల పరువు పోయింది.

దారిలో మామయ్య చెప్పాడు. ఆపరేషను అయిన ఏడు థెల్మా తుపాకులమ్మే డ్వేన్ కొట్టుకి వచ్చి, తన్నని తూటాలేవైనా ఉన్నాయా అని అడిగిందట. డ్వేన్ లేవన్నాడట. సరే అని ఆవిడ, రైఫిలు అమ్మిపెట్టమని బల్ల మీద పెట్టిందట. మామయ్య అప్పుడు అరల వెనక గుండ్లు ఎంచుకుంటున్నాడు.

"నువ్వు చూడలేదురా ఆవిడ మొహం. రైఫిలు మీంచి చెయ్యి తియ్యలేకపోయింది."

"అప్పుడు?"

"అప్పుడేముంది? 'వచ్చే వారం కొత్త సరుకొస్తోంది, ఆగండి' అని డ్వేన్‌తో చెప్పించా. తక్కువ మందు పోసి, ఖాళీ కంపెనీ డబ్బాలో సర్ది ఇచ్చా. ఏటా ఇస్తున్నా. డ్వేన్ కొట్లో అమ్మినట్టే అమ్ముతాడు."

"నీ పేరు చెప్పి ఇవ్వొచ్చుగా!"

"చెబితే? 'ముసలిదాన్నైపోయానని ఆర్విడ్ నాకు పిల్లల తూటాలు చేసిస్తున్నాడు' అనుకోదూ? తీసుకుంటుందా? ఆవిడ దగ్గర నేను పదిసార్లు ఓడి టర్కీ తిన్నాను." ఆయన రేకు పెట్టెని ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఆ తక్కువ మందులోనే ఉంది చావు. గొట్టం సగం కూడా నిండదు. మామూలు మోతాదు రెండుసార్లు పోస్తే పొర్లి బయటపడుతుంది. ఇది పొర్లదు. చక్కగా కూచుంటుంది. పైకి తెలియదు. నియమం ఎందుకు పెట్టుకున్నామో నాకు తెలుసు అల్లుడూ, ఊరందరికీ నేనే చెప్పాను. ఇంకా వేగంగా పోనియ్యి."

థెల్మా కొండ కింద ట్యాంకరు ఆపి దిగామో లేదో, పైన తుపాకి పేలింది.

మామయ్య ఉన్నచోటే చతికిలబడ్డాడు. అంతలో పైనుంచి ఆడగొంతు, తిట్టు. స్పష్టమైన, ఆరోగ్యమైన తిట్టు. గురి తప్పినట్టుంది.

"బతికుంది!" అన్నాను.

"ఆ తూటా మంచిదే" అన్నాడు మామయ్య లేస్తూ. "దాని చప్పుడు సరిగ్గానే ఉంది. తర్వాతది?"

మామయ్య మోకాళ్ళు మెట్లెక్కడానికే మూలుగుతాయి. ఆ రోజు ఆ మోకాళ్ళు కొండ ఎక్కాయి. నారింజరంగు టోపీ తీసి తలమీద గిరగిరా తిప్పుతూ, "థెల్మా! కాల్చకు! థెల్మా!" అని అరుస్తూ పరిగెత్తాడు. గాలి ఎదురు. ఆవిడ ఒక బండ చాటున బోర్లించిన బకెట్టు మీద కూచుని ఉంది. కింద ఊట దగ్గర కొమ్ముల జింక. రైఫిలు మళ్ళీ భుజానికి చేరింది. ఇక లాభం లేదని మామయ్య ఆగి, గుండెలనిండా గాలి పీల్చి, కుక్కలా మొరిగాడు.

జింక వింది. మూడు గెంతుల్లో కొండ దాటేసింది.

థెల్మా రైఫిలు దించి వెనక్కి తిరిగింది. "ఆర్విడ్! నీకేమైనా మతి పోయిందా?"

ఆయన రొప్పుతూ చెయ్యి చాచాడు. "తూటాలు… ఇచ్చెయ్యి. కంపెనీవాళ్ళు… వెనక్కి తీసుకుంటున్నారు. రేడియోలో చెప్పారు."

"ఏ రేడియోలో?"

"ఇప్పుడే… పొద్దున్న."

"నువ్వు కంపెనీలో ఎప్పుడు చేరావు?"

మామయ్య దగ్గర ప్రతి ప్రశ్నకీ కారణం ఉండేది. ఆ ఒక్కదానికి లేదు. థెల్మా ఆయన మొహం చూసింది. రైఫిల్లోంచి తూటాలన్నీ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. జేబులో డబ్బా కూడా తీసి ఇచ్చింది. ఆయన వాటిని కోడిగుడ్లలా పట్టుకుని కిందికి నడిచాడు.

నేను ఆవిడ బకెట్టు అందుకున్నాను. ఆవిడ వంగి, కాల్చిన ఖాళీ గొట్టం ఏరి, తుడిచి, నడుమెత్తున్న బండ మీద నిలబెట్టింది.

"అదెందుకక్కడ?" అన్నాను.

"వేట అయ్యాక కంపెనీవాళ్ళొచ్చి పట్టుకుపోతారు" అంది. "మొదటి ఏడు కిందే వదిలేశాను. పాపం కంపెనీవాళ్ళు ఈ ముళ్ళలో మోకాళ్ళ మీద పాకడం కిటికీలోంచి చూశాను. అప్పట్నుంచీ పైన పెడుతున్నా."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ జింక పోయిన వైపు చూస్తోంది.

థెల్మా వంటింట్లో మామయ్య టేబులు మీద పేపరు పరిచాడు. రేకు పెట్టెలోంచి చిన్న త్రాసు, తూటా విప్పే సుత్తి తీశాడు. ఒక్కొక్క తూటానీ సుత్తి తలలో బిగించి టకటకా కొట్టి, గుండు ఊడబెరికి, మందు త్రాసులో పోశాడు. సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. ప్రతిదానికీ ఆయన ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. థెల్మా కాఫీ పోసింది. ఎవరూ తాగలేదు. చివరిది కూడా కొట్టాడు.

అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఉలిక్కిపడి లేచాడు. "మరి ఆ చిటికెడు మందు ఏమైనట్టు?"

"మంగళవారం ఏ ప్యాంటు వేసుకున్నావు?" అంది థెల్మా.

"ఇదే."

"అదీ సంగతి. ఆ కాలు ఇలా పెట్టు." ఆవిడ ఒక సాసరు తెచ్చి, వంగి, ఆయన ప్యాంటు అంచు మడత విప్పి దులిపింది. నల్లటి గింజలు సాసర్లో రాలాయి. "మా ఆయన ఐనార్ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో తివాచీల కింద గోధుమలు మొలిచింది ఈ మడతల వల్లే. మగాళ్ళు నేలంతా వెతుకుతారు. మడతలు చూడరు."

మామయ్య ఆ గింజల్ని త్రాసులో పోశాడు. ఒక్క తూటాకి సరిపడా ఉంది. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం, గ్యాసు ట్యాంకర్లో నా పక్కన కూచుని ఆయన ఆ మందు మోసుకొచ్చాడన్న సంగతి అప్పుడే వెలిగి, కాఫీ చల్లారిపోయినా గటగటా తాగేశాను.

"బాగుంది" అంది థెల్మా. "వేట ఇవాళే మొదలు. నా జింక పోయింది. నా తూటాలన్నీ నా టేబులు మీద ముక్కలై పడున్నాయి. ఇప్పుడు నన్నేం చెయ్యమంటుంది మీ కంపెనీ?"

"నేను… నాకు కాస్త పని తెలుసు కాబట్టి… మళ్ళీ కూర్చి ఇస్తాను" అన్నాడు మామయ్య, రేకు పెట్టెలోంచి చిన్న చేతి మిషను తీస్తూ. "వాళ్ళు పోసినంతే పోస్తాను."

"అంత పొయ్యకు. కిందటేడు రెండుసార్లు కాల్చేసరికి భుజం లాగింది. మందు ఇంకాస్త తగ్గించమని కంపెనీకి రాయమని డ్వేన్‌కి చెప్పాను. వాళ్ళు పట్టించుకుంటేగా."

"డ్వేన్ గాడు నాతో ఒక్క మాటైనా అనలేదే!" అన్నాడు మామయ్య మండిపడుతూ.

అన్నాక, నోట్లోంచి వచ్చిందేమిటో ఆయనకి తెలియడానికి కాస్త టైము పట్టింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. నేను కప్పులోకి చూస్తూ కూచున్నాను.

థెల్మా నవ్వలేదు. కుర్చీ ఆయన పక్కకి లాక్కుని కూచుని, చొక్కా మీంచి భుజం మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ. ఎముక మీద కాదు, కాస్త కింద."

మామయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, కొలత తీసుకునే దర్జీలా ఆ చోటుని శ్రద్ధగా చూశాడు.

"ఎంత తగ్గించమంటావు?"

"జింకకి తెలియాలి, నాకు తెలియకూడదు" అంది.